అడుగునకు తాళము వేసినవారు

ఇంటి వెనుక చావడిలోనో, కారు నిలుపు కొట్టులోనో కంప్యూటరు ఆజ్ఞలతో కోయు చిన్న సిఎన్‌సి యంత్రమును స్వయముగా కూర్చుకొనదలచిన ఔత్సాహికునకు ఇనుమును గూర్చిన సంశయములు త్వరలోనే తీరిపోవును. చట్రము పొడవెంత, కత్తిని త్రిప్పు స్పిండిల్ ఎన్ని వాట్లది, మోటారుల బలమెంత అను ప్రశ్నలకు కొలబద్దయు, కొనువాని సంచియు కలిసి సమాధానము చెప్పును. ఎంతకును తీరనిది మరియొక సంశయము: ఈ యంత్రమును ఏ సాఫ్టువేరు నడపవలెను? లినక్స్‌సిఎన్‌సికి సాటి లేదనువా రొకరు, మాక్-3తో ఇరువది యేండ్లు నడిచిన పనిని ఇప్పుడు మార్చుట ఏలయనువా రొకరు, వేయి రూపాయల లోపు దొరకు చిన్న పలకమీద జిఆర్‌బిఎల్ ఎక్కించుకొనిన చాలుననువా రొకరు. ఈ వాదములను పైపైన వినువానికి అది తెరమీది బొత్తముల పొందికను గూర్చిన కలహమువలె తోచును గాని, వీరి మార్గములు ఎప్పుడు, ఏ కారణమున వేరైనవో విచారించినచో అన్నిటి అడుగునను ఒక్క ప్రశ్నయే కానవచ్చును: మోటారు వేయు ప్రతి అడుగునకును పోవలసిన విద్యుత్ స్పందమును వేళ తప్పక పంపు భారము ఎవరిది? ఈ ప్రశ్నకు కాలక్రమమున లభించిన వేర్వేరు సమాధానములే నేడు మన ముందున్న వేర్వేరు సాఫ్టువేరులు.

ఈ విద్య పుట్టినది గృహశాలలో గాదు. అమెరికాలోని మిషిగన్ రాష్ట్రమున, ట్రావర్స్ సిటీ అను పట్టణమున, జాన్ పార్సన్స్ అను యంత్రనిర్మాత 1940ల దశాబ్దమున హెలికాప్టరు రెక్కలు చేయుచుండెను. రెక్క అడ్డుకోత ఒక సూక్ష్మమైన వక్రరేఖ; దానికి సరిపోవు అచ్చుపలక చేతబడనిదే రెక్క కుదరదు. పార్సన్స్ వద్ద పనిచేయు ఫ్రాంక్ స్ట్యూలెన్, వ్యాపారపు లెక్కలకై పుట్టిన ఐబిఎం పంచ్‌కార్డు యంత్రములచేత ఆ వక్రముమీది బిందువులను గణింపజేయగా, లోగడ 17 బిందువులతో సరిపెట్టుకొను చోట 200 బిందువులు లభించినవి. వానిని లోహముమీదికి ఎక్కించిన విధము వినదగినది. ఒకడు పట్టికను చేతబట్టుకొని అంకెలను బిగ్గరగా చదువుచుండ, మిల్లింగు యంత్రమునకు ఇరుప్రక్కల నిలిచిన ఇద్దరు మనుష్యులు, ఒకడు అడ్డపు చక్రమును, వేరొకడు నిలువు చక్రమును త్రిప్పి, చెప్పిన అంకె వచ్చినచోట నిలుపుచుండిరి. నేటి కంట్రోల్ సాఫ్టువేరు చేయు పనియంతయు ఆనాడు ఆ చదువరి కంఠములో నుండెననుట అతిశయోక్తి గాదు. చదువరి తొందరపడినను, చక్రము త్రిప్పువాడు వెనుకబడినను, పలక చెడును.

ఈ చదువరిని తొలగించి, కార్డులే నేరుగా చక్రములను త్రిప్పునట్లు చేయవలెనని పార్సన్స్ సంకల్పించి, 1949లో అమెరికా వైమానికదళముతో ఒడంబడిక చేసికొని, మోటారుల నియంత్రణమున నిష్ణాతులైన ఎంఐటి సర్వోమెకానిజమ్స్ లాబరేటరీవారిని సహాయము కోరెను. సహాయమునకు వచ్చినవారు కొంతకాలమునకు పనికి స్వాములైరి. పార్సన్స్ ప్రక్కకు జరుగవలసి వచ్చెను. 1952 సెప్టెంబరులో ఎంఐటివారు సిన్సినాటి హైడ్రోటెల్ అను మిల్లింగు యంత్రమునకు తమ నియంత్రకమును తగిలించి, రంధ్రములు పొడిచిన కాగితపు టేపుతో నడిపి చూపించిరి. వాక్యూము గొట్టములతోను, రిలేలతోను నిండిన ఆ నియంత్రకపు బీరువాలు యంత్రమునకు తీసిపోని చోటును ఆక్రమించెను. ఇంతకును ఈ విధానమునకు మొదటి పేటెంటు పార్సన్స్ పేరనే 1958లో వెలువడుట, ఆలస్యముగనైనను జరిగిన న్యాయమని నా అభిప్రాయము.

అదే కాలమున వేరొక మార్గమును ఉండెను. నేర్పరియైన పనివాడు మొదటి వస్తువును చేతితో చేయుచుండగా అతని చేతికదలికలను అయస్కాంతపు టేపుమీద ముద్రించుకొని, తరువాతి వస్తువులను యంత్రమే ఆ ముద్రను అనుసరించి చేయు పద్ధతి అది. జనరల్ ఎలెక్ట్రిక్ సంస్థవారు దానిని పనిచేయించి చూపిరి. అది వెనుకబడి, అంకెల పద్ధతియే నిలుచుటకు కేవలము సామర్థ్యము హేతువు గాదనియు, పనివాని చేతిలోని విద్యను కార్యాలయపు బల్లమీదికి మార్చుకొనవలెనను యజమానుల కోరికయు అందులో కలదనియు డేవిడ్ నోబుల్ అను చరిత్రకారుడు 1984లో వెలువడిన తన గ్రంథమున వాదించెను. వాదము కొంత ఏకపక్షమేయైనను కొట్టివేయదగినది గాదు. కర్మాగారమున పనివాని చేతినుండి జారిన ఆ పగ్గము, అర్ధశతాబ్దము గడచిన పిమ్మట ఇంటి కొట్టులోని ఒంటరి ఔత్సాహికుని చేతికి, గీయువాడును, వ్రాయువాడును, నడపువాడును తానేయైన వాని చేతికి, తిరిగి వచ్చినదని గమనించినప్పుడు ఆ వాదమునకు నోబుల్ ఊహింపని కొసరు ఒకటి చేరును.

అంకెల పద్ధతి నిలిచిన తరువాత, అంకెలను వ్రాయుటయే పెద్ద శ్రమ యయ్యెను. ఆ శ్రమను కంప్యూటరునకు అప్పగించుటకై ఎంఐటిలోనే డగ్లస్ రాస్ నాయకత్వమున ఏపీటీ అను భాష నిర్మితమై, 1959 ఫిబ్రవరి 25న పత్రికలవారి ఎదుట ప్రదర్శింపబడినది. ఆ భాషతో కోయించిన అల్యూమినియము సిగరెట్టు బూడిద పళ్లెములను వచ్చినవారికి కానుకగా పంచిరట. యంత్రము చెంతకు చేరు తుది ఆజ్ఞలకు మాత్రము జి, ఎం వంటి అక్షరములతో మొదలగు పొట్టి పంక్తులే మిగిలినవి. సూటిగా కోయుటకు జి1, చాపముగా కోయుటకు జి2, జి3, స్పిండిలును త్రిప్పుటకు ఎం3. టేపుమీద చోటు తక్కువ, చదువు పరికరము నెమ్మది, కావున ఆజ్ఞయు పొట్టిది. వాడుకలో జి-కోడ్ అనబడు, ఆర్‌ఎస్-274 అను పేర నున్న ఈ లిపికి తుదిరూపము 1980లో ఏర్పడినది. టేపు పోయినది, చదువు పరికరము పోయినది. ఆ పంక్తులు మాత్రము పోలేదు. ఒక్కొక్క కంపెనీ తనకు దోచిన మాండలికమును చేర్చుకొనుటచేత ఒక యంత్రమునకు వ్రాసినది వేరొకదానికి అచ్చముగా సరిపోకపోవుటయు అప్పటినుండి నేటివరకును వచ్చుచున్న జాడ్యమే.

ఇక ఇంటి యంత్రము సంగతి. మినీకంప్యూటరులు, మైక్రోప్రాసెసరులు వచ్చి కర్మాగారపు నియంత్రకములను చిన్నవి గావించినను, వాని వెల సామాన్యునకు అందలేదు. అందినవి రెండు: ఒకటి, పాత యంత్రములనుండి ఊడదీసిన స్టెప్పర్ మోటారు, రెండవది, ఐబిఎం పీసీ వెనుక ప్రింటరునకై అమర్చిన ప్యారలల్ పోర్టు. 25 సూదుల ఆ పోర్టునందు కంప్యూటరు వెలుపలికి పంపగల తీగలు 12, లోపలికి తెచ్చుకొనగలవి 5. ఒక మోటారునకు రెండు తీగలు చాలును: ఎటు తిరుగవలెనో చెప్పునది ఒకటి, ఎప్పుడు అడుగు వేయవలెనో చెప్పునది మరియొకటి. మూడు మోటారులకు ఆరు తీగలు పోగా, స్పిండిలునకును, నీటిపంపునకును మిగులును. అచ్చుయంత్రమునకై చేసిన ద్వారమున ఉలికి ఆజ్ఞలు పంపవచ్చునని మొదట గ్రహించిన మహానుభావు డెవరో గాని, ప్రపంచమందలి గృహశాలలన్నియు అతనికి ఋణపడియున్నవి.

ఇచ్చట లెక్క ఒకటి చూడవలెను. సాధారణమైన స్టెప్పర్ మోటారు చుట్టునకు 200 అడుగులు వేయును. మోటారునకు విద్యుత్తు నందించు డ్రైవరు పలక ఒక్కొక్క అడుగును 8 భాగములు చేసినచో 1600. మరచుట్టు 5 మిల్లీమీటర్లదైనచో మిల్లీమీటరునకు 320 స్పందములు. నిమిషమునకు 3000 మిల్లీమీటర్ల వేగమున కత్తిని జరుపవలెనన్న సెకనునకు 16,000 స్పందములు, అనగా ఒక స్పందమునకును మరియొకదానికిని నడుమ సుమారు 62 మైక్రోసెకనులు. ఈ ఎడము సమముగ నుండవలెను. కూచిపూడి రంగమున నట్టువాంగము పట్టినవాడు ఒక్క జతికి తాళము తప్పినచో నర్తకి అడుగు తడబడునట్లే, స్పందము ఒకటి ఆలస్యమై మరియొకటి దాని వెన్నంటి వచ్చినచో మోటారు అడుగు తప్పును. తప్పిన సంగతి కంప్యూటరునకు తెలియదు, ఏలయన స్టెప్పరునుండి తిరుగు వార్త రాదు. తరువాతి కోతయంతయు ఆ తప్పిన మేరకు ప్రక్కకు జరిగి, గంటల శ్రమ చెక్కపొట్టు పాలగును.

డాస్ కాలమున ఈ చిక్కు అంతగా బాధింపలేదు. డాస్‌లో ఒక్కసారి ఒక్క ప్రోగ్రామే నడచును. నడచునది కంప్యూటరు సర్వస్వమును తనదిగా జేసికొని, గడియారమును తన ఇచ్చవచ్చినట్లు పట్టుకొనవచ్చును. టర్బోసిఎన్‌సి వంటి ప్రోగ్రాములు ఈ స్వేచ్ఛమీదనే బ్రదికినవి. నల్లని తెర, కొద్దిపాటి మెనూలు, ఏ అలంకారమును లేకున్నను అడుగు మాత్రము తప్పెడిది గాదు. విండోస్ వచ్చి అనేక ప్రోగ్రాములకు కాలమును పంచిపెట్టు పద్ధతి నెలకొల్పిన పిమ్మట ఈ సుఖము పోయినది. ఆ పంపిణీ సుమారు 15 మిల్లీసెకనుల తునకలలో జరుగును. పైన చెప్పిన లెక్కలో ఒక్క తునక కాలమున యంత్రమునకు 240 స్పందములు పోవలసియున్నవి. ఉత్తరములు వ్రాయువాడు గమనింపజాలని ఈ జాప్యము కోయువానికి ప్రాణాంతకము.

దీనికి మొదటి గట్టి సమాధానము అమెరికా ప్రభుత్వపు ప్రమాణముల సంస్థయగు నిస్ట్ నుండి వచ్చినది. మేరీలాండు రాష్ట్రమందలి గేథర్స్‌బర్గులో దాని పరిశోధకులు 1990ల దశాబ్దమున, ఒక్కొక్క కంపెనీ తన నియంత్రకమును మూసిన పెట్టెగా అమ్ముటవలన కలుగు ఇబ్బందులను తొలగింపవలెనని, తెరచిన నిర్మాణముగల ఎన్‌హాన్స్డ్ మెషిన్ కంట్రోలరును, సంక్షేపముగా ఈఎంసిని, రచించిరి. జి-కోడ్ పంక్తులను చదివి అర్థము చెప్పు దాని భాగమును వర్ణించు నివేదిక 2000లో వెలువడినది. మాండలికములతో చెడిన ఆ లిపికి ఇంత స్పష్టమైన వ్యాకరణము అంతకుముందు సామాన్యునకు ఉచితముగా దొరికియుండలేదు. ప్రభుత్వోద్యోగులు ఉద్యోగధర్మముగా వ్రాసినదానిమీద అమెరికాలో గ్రంథస్వామ్యము లేదు గనుక ఈఎంసి జనులందరి సొత్తయ్యెను. కేవలము ఒక శాసనపు నిబంధన ఒక అభిరుచికి ఇంత మేలు చేయుట అరుదు.

స్పందముల చిక్కును ఈఎంసి తీర్చిన విధము ఇది. లినక్సు క్రింద ఆర్‌టిలినక్స్ అను సన్నని పొర యుండును. లినక్సు తానే ఆ పొర ఏలుబడిలో ఒక సామాన్యమైన పనిగా నడచుచుండ, స్పందములు పంపు పని మాత్రము అన్నిటికంటె ముందు పిలువబడును. తరువాత ఆ స్థానమునకు ఆర్‌టిఏఐ వచ్చినది. ఔత్సాహికులు ప్రోగ్రామును తమ చేతికి తీసికొని దాదాపు మరల వ్రాసి, హాల్ అను భాగమును చేర్చిరి. బల్లమీద తీగలు కలుపునట్లు, తెరమీద పేర్లు కలిపి ఏ మోటారును ఏ సంకేతమునకైనను తగిలింపవచ్చును. ఈఎంసి కార్పొరేషను అను వేరొక కంపెనీ ఆ పేరుపై ఆక్షేపణ చెప్పుటచేత, 2012నాటికి లినక్స్‌సిఎన్‌సి అను పేరు స్థిరపడినది. క్రొత్తగా చేరువాడు మొదట చేయవలసినది లేటెన్సీ పరీక్ష: తెరమీద పండ్లచక్రముల బొమ్మలను త్రిప్పించి, కిటికీలు తెరచి మూసి, కంప్యూటరును కావలసినంత వేధించి, అట్టి వేధింపులోనైనను గడియారము ఎంత వెనుకబడునో కొలుచుట. 20 మైక్రోసెకనుల లోపైన సంతోషము. 100 దాటినచో ఆ మదర్‌బోర్డు ఈ పనికి పనికిరాదు. వెల యెక్కువదగు క్రొత్త కంప్యూటరు ఓడిపోయి, మూలబడిన పాత కంప్యూటరు నెగ్గుట తరచు జరుగును.

లినక్సు రాని వారు, రానక్కరలేదనువారు అప్పటికిని అధికసంఖ్యాకులు. వారికి తోడుగా వచ్చినవాడు కెనడా దేశీయుడగు ఆర్ట్ ఫెనర్టీ. అతడు 2000 దశాబ్దారంభమున ఈఎంసినే ఆధారము చేసికొని విండోస్ మీద నడుచు మాక్-1ను రచించి, క్రమముగ మాక్-2, మాక్-3 వెలువరించెను. విండోస్ హృదయములోనికి చొచ్చుకొనిపోవు డ్రైవరు ఒకటి అందు గలదు. అది కంప్యూటరు గడియారమును తానే పట్టుకొని, సెకనునకు 25,000 మారులు తన పని ముగించి, మిగిలిన కాలమును విండోస్‌నకు దయచేయును. వ్యవస్థ నిర్మాతలు ఊహింపని ఈ సాహసము నెగ్గుట, విండోస్ ఎక్స్‌పి దినములలో, ఆశ్చర్యకరమే. 500 పంక్తుల వరకు ఉచితముగా నడుచును గనుక రుచి చూచి కొనువారు పెరిగిరి. తెరను ఎవరికి వలసినట్లు వారు మార్చుకొనవచ్చును. చైనానుండి వచ్చు, చెక్క కోయు చిన్న రౌటరులతోబాటు, లైసెన్సు ప్రశ్న నడుగువారు లేక, దాని సీడీయు పెట్టెలో పడివచ్చుచుండెను. ల్యాప్‌టాపులు మాత్రము దీనికి పనికిరావు: విద్యుత్తును పొదుపుచేయుటకై అవి తమంత తాము వేగము తగ్గించుకొనును.

మాక్-3 వైభవమునకు ముప్పు పోటీదారులవలన గాక, ప్యారలల్ పోర్టు అంతరించుటవలన వచ్చినది. ప్రింటరులు యుఎస్‌బికి మారగా పోర్టు కంప్యూటరులనుండి తొలగినది. 64-బిట్ విండోస్ వచ్చి పాత డ్రైవరునకు తావు లేకుండ జేసినది. 2014 ఏప్రిల్‌లో ఎక్స్‌పికి మైక్రోసాఫ్ట్ ఆదరణయు ముగిసినది. యుఎస్‌బి వార్తలను మూటలుగా కట్టి పంపును గాని, మైక్రోసెకను ఎడములలో ఒక్కొక్క స్పందమును పంపజాలదు. కావున గడియారమును కంప్యూటరు వెలుపలికి తరలింపక తప్పలేదు. స్మూత్‌స్టెప్పర్ వంటి పలకలు మాక్-3నుండి మూటలను అందుకొని స్పందములను తామే పంచిపెట్టినవి. లినక్స్‌సిఎన్‌సివారికి మీసా కార్డులు అట్టి పనినే చేసినవి.

ఇంకను చౌకైన సమాధానము నార్వేనుండి వచ్చెను. సిమెన్ స్వాలె స్కోగ్స్‌రూడ్ అను ప్రోగ్రామరు 2009లో జిఆర్‌బిఎల్‌ను వెలువరించెను. ఇటలీలోని ఇవ్రియా పట్టణమున విద్యార్థుల కొరకు 2005లో పుట్టిన ఆర్డ్వీనో పలక దానికి ఆధారము. ఆ పలకమీది చిప్ వేగము 16 మెగాహెర్ట్జులు, ప్రోగ్రామునకు చోటు 32 కిలోబైట్లు, పనిచేయుటకు జ్ఞాపకశక్తి కేవలము 2 కిలోబైట్లు. ఇంతలో జి-కోడ్‌ను చదువుట, రాబోవు పంక్తులను ముందుగా చూచి మూలలవద్ద ఎంత వేగము తగ్గింపవలెనో నిర్ణయించుట, సెకనునకు 30,000 స్పందముల వరకు సమముగ పంపుట అన్నియు ఇమిడినవి. నాకు ఈ కథలో అత్యంత ప్రీతికరమైన భాగమిది. విస్తారమైన యంత్రములమీద సోమరితనముగా వ్రాసిన ప్రోగ్రాములు రాజ్యమేలు దినములలో, గుప్పెడు చోటులో ఇంత పొందిక సాధించుట శాస్త్రమును మించి శిల్పము. 2011 ప్రాంతమున సంగెన్ జియాన్ అనువాడు దీని భారము వహించి, వేగగణనమును మెరుగుపరచెను. ఈ గణనభాగమే మార్లిన్ అను సాఫ్టువేరులో ప్రవేశించి, 3డి ప్రింటరులకు ప్రాణమైనది. షేపొకో వంటి చౌక రౌటరులు, ఆపై చైనావారి 3018 నమూనాలు జిఆర్‌బిఎల్‌నే తమ గుండెగా అమర్చుకొనినవి.

అడుగు వేయించు భారము పలక చేతిలో పడిన వెంటనే కంప్యూటరు స్థితి మారినది. అది ఇక పంక్తులను వరుసగా అందించు సేవకమాత్రము: పలకయొద్దనున్న 128 బైట్ల గిన్నె నిండిన ఆగుట, ఖాళీయైన పంపుట. ఈ పనికి యూనివర్సల్ జి-కోడ్ సెండరు, బిసిఎన్‌సి, క్యాండిల్ మొదలగునవి పుట్టినవి. ఒకడు ఒక తెరను, వేరొకడు వేరొక తెరను ఎన్నుకొనినను కోతలో భేదము కానరాదు. ఏలయన కోయునది పలక. సెండరులలో ఏది ఘనమను వివాదములు నాకు వినోదము కలిగించుట ఇందువల్లనే.

మన ప్రాంతమున ఈ యంత్రములు అభిరుచిగా కంటె జీవనోపాధిగానే ఎక్కువ ప్రవేశించినవి. టేకు తలుపులమీద లతలును, వేంకటేశ్వరుని నామములును, పూజామందిరములకు జాలీలును కోయు సిఎన్‌సి దుకాణములు ఆంధ్ర, తెలంగాణ పట్టణములలో ఇప్పుడు విరివిగా కలవు. వానిలో పెక్కింట యంత్రము చెంత కంప్యూటరే యుండదు. డిఎస్‌పి అని వాడుకలో పిలుచు చేతిపెట్టెలో పెన్‌డ్రైవు గ్రుచ్చి, బొత్తము నొక్కుదురు. చెక్కపొట్టులో కంప్యూటరు ఎక్కువకాలము బ్రదుకదని వారు అనుభవమున నేర్చిరి. నమూనా గీయువాడు ఒకడు, కోయువాడు మరొకడు గనుక పెన్‌డ్రైవు వారి నడుమ టేపు చేసిన పనినే చేయుచున్నది.

ఇక ఎన్నిక విషయమున నా మాట. చెక్క, ప్లాస్టిక్, పలుచని అల్యూమినియము కోయు మూడు మోటారుల రౌటరునకు జిఆర్‌బిఎల్ చాలును. అందు పేరాశపడుట అనవసరము. లేతు నడుపగోరువాని సంగతి వేరు. మర కోయునప్పుడు ఉలి స్పిండిలు చుట్టునకు కట్టుబడి నడువవలెను. స్పిండిలు బరువుచేత కొంత నెమ్మదించినచో ఉలియు అంతే నెమ్మదింపవలెను. అనగా అడుగు వేయుటయేగాక, తిరుగు వార్త వినుటయు కావలెను. చుట్టునకు ఒక్క సంకేతముతో మాక్-3 దీనిని కొంతవరకు సాధించెను. స్పిండిలు తిరుగుటను కొలుచు ఎన్‌కోడరునుండి ఎడతెగక వచ్చు అంకెలను విని, జి33, జి76 ఆజ్ఞలతో లినక్స్‌సిఎన్‌సి చక్కగా సాధించెను. రెండు కిలోబైట్ల జిఆర్‌బిఎల్ దాని జోలికి పోలేదు. లేతుగలవారు లినక్సును, రౌటరుగలవారు పలకను ఆశ్రయించుటకు కారణము అభిరుచిభేదము గాదు, ఈ ఒక్క అవసరమే. ఇప్పుడు 32-బిట్ చిప్పులమీద నడుచు జిఆర్‌బిఎల్‌హాల్, తగిన పలకకు ఎన్‌కోడరు తగిలించినచో, మరను కూడ కోయుచున్నది. వేళ తప్పని పనులకై మలచిన ప్రీఎంప్ట్-ఆర్‌టి అను లినక్సు కెర్నెలుతో లినక్స్‌సిఎన్‌సి రాస్ప్‌బెర్రీ పై వంటి చిన్న కంప్యూటరులమీదికి దిగివచ్చినది. మాక్-3 వాడుకరులలో కొందరు మాత్రము ప్యారలల్ పోర్టుగల ఎక్స్‌పి కంప్యూటరును ఇంటర్నెట్టునకు తగిలింపక కాపాడుకొనుచు, అది చెడినచో వేయుటకు అట్టిదే మరియొకటి పాత సామానుల దుకాణములలో వెదకుచున్నారు.